వైన్ పులుపు కొలవడానికి కిట్టా, బ్యూరెట్టా, మెషీనా?

కాలిఫోర్నియాలో మా గరాజ్‌లో కొన్నేళ్లుగా వైన్ చేస్తున్నాను. ద్రాక్ష ఎక్కువగా లోడై తోటల నుంచే తెస్తాం. అక్కడి ఎండలకు జిన్‌ఫాండెల్ అనే ద్రాక్షరకంలో తీపి విపరీతంగా పెరుగుతుంది, పులుపు పడిపోతుంది. బార్బేరా రకం మాత్రం ఎంత పండినా పులుపు వదలదు. కాబట్టి పులియబెట్టే ముందు కొలవక తప్పదు. లెక్కంతా లీటరుకు ఎన్ని గ్రాముల టార్టారిక్ ఆమ్లం అనే. మన చింతపండులో ఉండేదీ అదే.

అందరిలాగే నేనూ చవక కిట్‌తోనే మొదలుపెట్టాను. 15 మి.లీ. వైన్, పులుపు విరిగిపోగానే గులాబీ రంగుకి మారే ఫినాఫ్తలీన్ మూడు చుక్కలు, సిరంజిలో ఆ పులుపుని విరిచే క్షారం, అంటే 0.2 నార్మల్ (బలానికి కొలమానం) సోడియం హైడ్రాక్సైడ్. ఒక మి.లీ. ఖర్చయితే లీటరుకు ఒక గ్రాము, అంతే లెక్క. వైట్ వైన్‌కి ఇంతకన్నా ఏం కావాలి? స్కూల్ ల్యాబ్‌లో చూసిన ఆ లేత గులాబీ రంగు వచ్చి నిలబడగానే ఆపేయడమే.

తంటా అంతా రెడ్‌తోనే. చుక్కలు పడేకొద్దీ ఎరుపు కాస్తా ఊదాకి, తర్వాత బూడిద కలిసిన పచ్చకి తిరుగుతుంది. వైన్ రంగే అలా మారిపోతుంటే, దానిలో గులాబీ ఎప్పుడు మొదలైందో చూసినవాళ్లలో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ బాగా పోసి పలచన చేస్తే కొంత నయం. చిక్కటి రెడ్‌కి అదీ చాలదు.

ఇప్పుడు రెడ్‌కి వాడేది బ్యూరెట్ (కింద కొళాయి ఉన్న, కొలత గీతల గాజు గొట్టం), పీహెచ్ మీటర్ (ద్రవం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో అంకెలో చూపేది), కింద అయస్కాంతంతో తిరిగే స్టిరర్. 5 మి.లీ. వైన్, అదే సోడియం హైడ్రాక్సైడ్ 0.1 నార్మల్ ద్రావణం. రంగుతో పని లేదు, పీహెచ్ 8.2 దగ్గర ఆపాలి. మొదట్లో అంకె నత్తనడక నడుస్తుంది. 6 దాటాక మాత్రం ఒక్కో చుక్కకీ ఎగిరి దూకుతుంది, అక్కడ బ్యూరెట్ మీద నుంచి చెయ్యి తీయకూడదు. 4.2 మి.లీ. పట్టిందంటే ఒకటిన్నరతో గుణించండి, 6.3 గ్రాములు. దీనికి చాకిరీ ఉంది: వాడే ముందు మీటర్‌ని పీహెచ్ 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూడాలి, ప్రోబ్‌ని ఎండనివ్వకూడదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రోబ్ కొన్నాళ్లకు మందగిస్తుంది, మార్చాల్సిందే.

సీజన్‌లో ఒక స్నేహితుడి దగ్గర ఆటోమేటిక్ మినీ టైట్రేటర్ (ఈ కొలత మొత్తం తనే చేసే మెషీన్) అడిగి తెచ్చుకుంటాను. పంపు తనే పోస్తుంది, తనే ఆపుతుంది, అంకె చూపిస్తుంది. పది శాంపిళ్లు వరసగా ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. రెండు పీపాలు చేసుకునేవాడికి ఆ ఖర్చు దండగ.

నన్నడిగితే పరికరం కన్నా ముందు చూడాల్సింది సోడియం హైడ్రాక్సైడ్ సీసా. మూత తీసినప్పుడల్లా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని బలం తగ్గుతుంది. 0.1 కాస్తా 0.09 అయితే 6 గ్రాముల పులుపు 6.7గా కనిపిస్తుంది. సరిపోయిందిలే అని టార్టారిక్ కలపడం మానేస్తారు, వైన్ చప్పగా తయారవుతుంది. నేను సీజన్ మొదట్లో కేహెచ్‌పీ (పొటాషియం హైడ్రోజన్ థాలేట్) అనే ఆమ్లపు పొడితో ఆ ద్రావణాన్ని పరీక్షిస్తాను: 0.4084 గ్రాములు నీళ్లలో కరిగిస్తే 0.1 నార్మల్ ద్రావణం సరిగ్గా 20 మి.లీ. పట్టాలి. అంతకన్నా ఎక్కువ పడితే బలం తగ్గినట్టే. ఆ పొడి తూచడానికి మంచి త్రాసు లేకపోతే ఏటా కొత్త సీసా కొనండి. సోడియం హైడ్రాక్సైడ్ ఒంటి మీద పడితే కాలుతుంది, కళ్లద్దాలు మరవద్దు.

పులుస్తున్న రసాన్ని నేరుగా కొలవకండి. అందులోని గ్యాస్ కూడా పులుపు లెక్కలోకి వచ్చేస్తుంది. శాంపిల్‌ని కాస్త వేడి చేసి, బాగా కుదిపి, చల్లారాక పిపెట్‌తో తీయండి.

ఇంకోటి. ఫ్రెంచి పుస్తకాల్లో అంకె తక్కువగా కనిపిస్తే కంగారుపడొద్దు. వాళ్లు సల్ఫ్యూరిక్ ఆమ్లం లెక్కన రాస్తారు, 1.53తో గుణిస్తే మన టార్టారిక్ లెక్కలోకి వస్తుంది. యూరప్ పద్ధతిలో పీహెచ్ 7 దగ్గరే ఆపుతారు కాబట్టి అప్పుడు కూడా మన అంకె కన్నా కొంచెం తక్కువే ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వైట్ చేస్తుంటే కిట్ కొనండి. రెడ్ అయితే కిట్ డబ్బులు పీహెచ్ మీటర్‌లో పెట్టండి. మొదట్లో సిరంజితో పోసినా సరే, బ్యూరెట్ తర్వాత కొనుక్కోవచ్చు.