కార్బన్ అని చెప్పి ఇనుప సీటు పంపుతున్నారు: లాంగ్ రైడ్లు చేసేవాళ్లు జాగ్రత్త

హనుమకొండ, కాజీపేట, వరంగల్ సైకిల్ మిత్రులందరికీ. ఆన్‌లైన్‌లో ఒక నల్ల సీటు అమ్ముతున్నారు. మధ్యలో పొడవాటి ఖాళీ, వెనక అంచున సన్నటి ఎర్ర గీత, కింద గళ్లగళ్ల కార్బన్ డిజైను. "ఫుల్ కార్బన్, 140 గ్రాములు, అన్ని సైకిళ్లకూ సరిపోతుంది" అని రాశారు. కార్బన్ అంటే కార్బన్ ఫైబర్, తేలికగా, గట్టిగా ఉండే ఖరీదైన పదార్థం. దయచేసి కొనకండి. కొని బిగించుకున్నవాళ్లు ఉంటే ఈ రోజే విప్పేయండి.

రామప్ప చూసి తిరిగి వస్తున్నాను. ములుగు దాటి మల్లంపల్లి వైపు వస్తుండగా సీటు కింద టక్కుమని చప్పుడైంది, సీటు ఎడమ పక్కకు ఒరిగిపోయింది. ఆ రోడ్డు మీద ఇసుక లారీలు ఎలా వెళ్తాయో మీకు తెలుసు. అప్పుడు వెనక లారీ లేదు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. సీటును పట్టి ఉంచే రెండు కడ్డీల్లో ఒకటి, వాటిని సైకిల్‌కు బిగించే క్లాంపు అంచు దగ్గర తెగిపోయింది. నిలబడి తొక్కుతూ, నడుస్తూ ఆత్మకూరు దాకా వచ్చి, అక్కడి నుంచి ఆటోలో సైకిల్ వేసుకొని ఇంటికి చేరాను.

ఇంటికొచ్చాక ఆ తెగిన చోటు చూస్తే ఒళ్లు మండింది. నల్ల రంగు పెచ్చులుగా లేచింది, లోపల తెల్లగా మెరిసే లోహం. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పెడితే టక్కున అతుక్కుంది. కార్బన్‌కు అయస్కాంతం అతుక్కోదు. అది బోలుగా ఉన్న సన్నటి ఇనుప గొట్టం. కింద కనిపించే గళ్ల డిజైను అంచును గోటితో లేపితే నోటుబుక్కు మీది లేబుల్‌లా ఊడి వచ్చింది, దాని కింద మామూలు ప్లాస్టిక్. తెలిసిన బంగారం షాపులో కాటా మీద పెట్టించాను, 238 గ్రాములు.

ఇనుప కడ్డీల సీటు చెడ్డదని కాదు. 300 గ్రాముల పైన ఉండే మంచి స్టీల్ సీట్లు ఏళ్ల తరబడి మొరాయించకుండా పనిచేస్తాయి. ఇక్కడ బరువు తగ్గించడానికి గొట్టాన్ని పలచన చేసి, దానికి కార్బన్ వేషం వేసి, కార్బన్ ధరకు అమ్ముతున్నారు. మనిషి బరువంతా మోసే భాగంలో చేసిన మోసం ఇది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే "వాడిన వస్తువు వాపసు తీసుకోం" అన్నారు. మళ్లీ అడిగితే, రివ్యూ తీసేస్తే సగం డబ్బులిస్తామన్నారు. నేను తీయలేదు. వారం తిరక్కముందే అదే ఫొటోలతో, అదే ఎర్ర గీత సీటు వేరే పేరుతో మళ్లీ అమ్మకానికి వచ్చింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, పేరు చూసి గుర్తుపట్టలేరు, వస్తువును చూసి గుర్తుపట్టాలి.

"అన్ని సైకిళ్లకూ సరిపోతుంది" అన్న మాట దగ్గరే అనుమానం రావాలి. స్టీల్, టైటానియం కడ్డీలు సాధారణంగా 7 మిల్లీమీటర్ల గుండ్రటివి. కార్బన్ కడ్డీలు ఎక్కువగా 7×9 మిల్లీమీటర్లు, అంటే నిలువుగా కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. గుండ్రటి కడ్డీని పక్కల నుంచి పట్టే క్లాంపులో 7×9 కార్బన్ కడ్డీని బిగిస్తే నలిగి పగులుతుంది. కాబట్టి నిజమైన కార్బన్ సీటు అమ్మేవాళ్లు కొలత చెప్తారు, మీ సీటు పోస్టు (సీటును నిలబెట్టే గొట్టం) ఏదని అడుగుతారు, బోల్టు బిగించే బలం (టార్క్) ఎంత మించకూడదో కడ్డీ మీదో, కాగితంలోనో రాసిస్తారు. ఇవేవీ లేకుండా, తయారీదారు పేరు కూడా లేకుండా వచ్చే కార్బన్ సీటు నిజంగా కార్బనే అయినా నేను తీసుకోను. సెకండ్ హ్యాండ్ కార్బన్ కూడా వద్దు, లోపలి పగులు పైకి కనిపించదు.

ఇంతకీ ఈ తేలిక సీటు మోజు మనకు ఎంతవరకు అవసరం? నిండిన 750 మిల్లీలీటర్ల వాటర్ బాటిల్‌లో నీళ్లే ముప్పావు కిలో. సీటులో వంద గ్రాములు తగ్గితే పాకాల దాకా వెళ్లొచ్చే మనిషికి తేడా తెలియదు. వెడల్పు తప్పితే మాత్రం గంటలోనే తెలుస్తుంది.

వెడల్పు కొలుచుకోవడం సులువు. గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్క వేసి కూర్చోండి, కొంచెం ముందుకు వంగి మడమలు పైకెత్తండి. లేచి చూస్తే పిరుదుల ఎముకలు దిగిన రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడి భాగాల మధ్య దూరం స్కేలుతో కొలవండి. దానికి సుమారు 20 మిల్లీమీటర్లు కలిపితే సీటు వెడల్పు మీద ఒక అంచనా వస్తుంది. నిటారుగా కూర్చొని తొక్కేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి, బాగా వంగి తొక్కేవాళ్లకు కొంచెం తక్కువ చాలు. మార్కెట్లో ఎక్కువగా 130 నుంచి 160 మధ్య దొరుకుతాయి. వెడల్పు అంకె రాయని సీటు ఎంత మెత్తగా ఉన్నా పక్కన పెట్టేయండి.

మెత్తదనం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే షాపులో బొటనవేలితో నొక్కి చూసి కొనేవాళ్లే ఎక్కువ. మందపాటి జెల్ సీటు ఐదారు కిలోమీటర్లు హాయిగా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ఎముకలు జెల్‌లోకి దిగిపోయి, మధ్యలో ఉన్నది పైకి పొంగి, తొడల సందులోని నరాలను, రక్తనాళాలను నొక్కుతుంది. తిమ్మిరి అక్కడి నుంచే. కొత్తలో అందరికీ ఉంటుందిలే అని ఎవరైనా అంటే నమ్మకండి. తిమ్మిరి వస్తే ఆగండి, సీటు మట్టంగా ఉందా, ఎత్తు ఎక్కువైందా చూసుకోండి, అయినా తగ్గకపోతే సీటు మార్చండి. ప్యాడింగ్ షార్ట్స్ కింద లోదుస్తులు వేసుకోకండి, మన ఎండల్లో ఆ కుట్లే చెమటకు ఒరుసుకొని పుండ్లు పడతాయి.

ఆన్‌లైన్‌లో కొనక తప్పదనుకుంటే పార్సిల్ తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. బిగించకముందే బరువు తూచండి, అయస్కాంతం పెట్టండి, లేతు షాపులో వెర్నియర్‌తో (మందం కొలిచే సాధనం) కడ్డీ మందం చూపించుకోండి. లేబుల్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఎమ్మార్పీ ఉన్నాయో లేదో ఫొటో తీసి పెట్టుకోండి. అవి లేకపోతే అసలు బిగించకుండానే వాపసు పెట్టండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు వదిలేయకండి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే వాపసు తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. నేను ఫిర్యాదు నమోదు చేయించాను. ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి, వాళ్లు పేజీ మార్చేస్తారు. విరిగిన ముక్కలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కొరియర్‌లో వాళ్లకు పంపొద్దు, నన్ను అలాగే అడిగారు. మీ చేతిలో ఉన్న అసలు సాక్ష్యం అదే.