కేదార్‌నాథ్ ప్యాకేజీలో ‘గుర్రం ఖర్చు కలిపే’ అంటే జాగ్రత్త

చార్‌ధామ్ ప్యాకేజీ కొనబోతున్న తోటి తెలుగు యాత్రికులకు ఈ హెచ్చరిక. కేదార్‌నాథ్ కొండ ఎక్కే గుర్రం ఖర్చు కూడా ధరలోనే కలిసి ఉందని ఏజెంటు చెబితే, ఆ జంతువును ఎక్కడి నుంచి తెస్తారో, దానికి రిజిస్ట్రేషను ఉందో లేదో, ఆ రోజు అది అప్పటికే ఒకసారి కొండెక్కి దిగిందో లేదో కాగితం మీద రాయించుకోకుండా డబ్బు కట్టవద్దు. మాకు ప్యాకేజీ అమ్మిన సంస్థ మీద ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి దాని పేరు ఇక్కడ రాయడం లేదు. పైగా ఈ పద్ధతిలో అమ్ముతున్నది ఆ ఒక్క సంస్థే అని నేను అనుకోవడం లేదు.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల ఆ ప్యాకేజీ తీసుకున్నాము. రిజిస్ట్రేషను ఉన్న, విశ్రాంతి తీసుకున్న జంతువును, కొండదారి మొదలయ్యే గౌరీకుండ్‌లోని ప్రీపెయిడ్ కౌంటరు ద్వారా ఇప్పిస్తామని సంస్థ వారు ఫోనులో పదే పదే చెప్పారు. తీరా అక్కడికి చేరాక వాళ్ల స్థానిక మనిషి మమ్మల్ని కౌంటరు వైపు వెళ్లనివ్వకుండా, దారి పక్కన కట్టేసి ఉన్న ఒక కంచర గాడిదను చూపించి, త్వరగా ఎక్కమని తొందరపెట్టాడు. దాని ముక్కు వెంట చిక్కటి చీమిడి కారుతోంది, ముందుకాలు నేల మీద పూర్తిగా మోపడం లేదు. జీను కింద వేసిన గోనెపట్టాను పక్కకు జరిపించి చూస్తే, వెన్ను మీద అరచేయంత పుండు పచ్చిగా ఉంది. దాన్ని నడిపించే కుర్రవాడు యజమాని కాడు, రోజు కూలికి వచ్చినవాడు. ముందురోజు రాత్రి పొద్దుపోయాకే కిందికి దిగామని, మళ్లీ తెల్లవారకముందే జీను కట్టమన్నారని అతనే చెప్పాడు. ఆ పిల్లవాడిని నేను ఏమీ అనలేను, అతని కాళ్లకు సరైన చెప్పులు కూడా లేవు. అమ్మ ఎక్కనని గట్టిగా చెప్పింది. మా సొంత డబ్బుతో డోలీ మాట్లాడుకుని వెళ్లాము. ఊరికి తిరిగి వచ్చాక గుర్రం సొమ్ము వాపసు అడిగితే, జంతువును చూపించాము, ఎక్కకపోవడం మీ ఇష్టం అన్నారు.

ఇది కేవలం డబ్బు తగాదా అయితే ఇంత రాసేవాడిని కాదు. 2013 జూన్ వరదల్లో రాంబాడా దగ్గర పాతదారి కొట్టుకుపోయిన తరువాత నది అవతలి ఒడ్డున వేసిన కొత్త దారి సుమారు 16 కిలోమీటర్లు ఉంటుంది, చాలాచోట్ల నిటారుగా ఉంటుంది. సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న గౌరీకుండ్ నుంచి 3,580 మీటర్ల పైచిలుకు ఎత్తుకు మనిషిని మోసుకుంటూ ఎక్కే జంతువుకు గాలి పలచబడుతుంది, చెమట విపరీతంగా పోతుంది. మంచుకరిగిన నీళ్లు మరీ చల్లగా ఉండటంతో అవి సరిగా తాగవు. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఎండు దాణా పెట్టి వెంటనే నడిపిస్తే పేగులు బిగుసుకుని కడుపుశూల వస్తుంది, సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. దారిలో గోరువెచ్చని నీటి తొట్లు ఏర్పాటు చేసినది అందుకే. కానీ మరో బేరం దక్కించుకోవాలనే తొందరలో ఉన్నవాడు తొట్టి దగ్గర ఆగడు. 2025 మే తొలి వారంలో, ఆలయ ద్వారాలు తెరిచిన కొద్దిరోజులకే, రెండు రోజుల్లో 14 జంతువులు చనిపోవడంతో వాటి రాకపోకలను తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది. గుర్రపు ఇన్‌ఫ్లుయెంజా (గుర్రాల్లో ఒకదాని నుంచి మరొకదానికి సోకే ఫ్లూ) భయం అంతకుముందు నుంచే అక్కడి గ్రామాల్లో ఉంది. ముక్కు కారుతున్న జంతువును గుంపులోకి తోలడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి ఊహించవచ్చు.

చట్టం లేక కాదు. పుండ్లతో, కుంటితనంతో పనికిరాని స్థితిలో ఉన్న జంతువు చేత పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరం. బరువులు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనల ప్రకారం రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి వాటిని వాడకూడదు. అయితే మొదటిసారి నేరానికి ఆ చట్టం వేసే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు మాత్రమే. ఒక్క యాత్రికుడి నుంచి వేలల్లో వసూలు చేసేవాడిని యాభై రూపాయలు ఆపలేవు కాబట్టే, కొనేవాళ్లుగా మనం నిరాకరించడానికి ఇంత విలువ ఉందని నా నమ్మకం.

వీలైతే ప్యాకేజీలోంచి గుర్రం ఖర్చును తీసివేయించి, అక్కడికి వెళ్లాక మీరే కౌంటరులో రసీదు తీసుకోండి. మధ్యవర్తి ఉన్నచోట జంతువును ఎంచుకునే హక్కు మీకు ఉండదు. ఎక్కేముందు జీను కింది పట్టాను ఎత్తించి వెన్ను చూడండి, పదడుగులు నడిపించి కుంటుతోందేమో గమనించండి, మెడ మీది చర్మాన్ని రెండువేళ్లతో పట్టి వదలండి: అది వెంటనే సర్దుకోకుండా మడతగా నిలిచిపోతే ఆ జంతువు ఒంట్లో నీరు లేదని అర్థం. దగ్గు, చీమిడి ఉంటే మరో మాట లేకుండా వద్దనండి. దారిలో నీటి తొట్టి కనిపించిన ప్రతిచోటా ఆపేలా మొదటే ఒప్పించుకోండి, ఏటవాలు ఎక్కువగా ఉన్నచోట నడవగలిగినవాళ్లు దిగి నడవండి.

నిరాకరించవలసి వస్తే గాయాన్నీ, రిజిస్ట్రేషను ట్యాగు ఉంటే దాన్నీ ఫోటో తీసి, అక్కడి పశువైద్య సిబ్బందికి గానీ పోలీసులకు గానీ చూపించండి. డబ్బు విషయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు కాబట్టి ఉత్తరాఖండ్ దాకా తిరగవలసిన అవసరం లేదు. మా ఫిర్యాదుకు ఫోటోలు, డోలీ రసీదు పనికి వచ్చాయి. ఫోనులో ఇచ్చిన హామీలకు మాత్రం ఆధారం చూపలేకపోతున్నాము, అందుచేత ఏజెంటు చెప్పే ప్రతి మాటనూ వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.