నయాగరా దారిలో సెనెకాల ఊరు

న్యూజెర్సీ నుంచి నయాగరాకు కారులో వెళ్లే మనవాళ్లు సిరక్యూస్ దాటాక కాఫీకి తప్ప ఎక్కడా ఆగరు. ఆ దారి పొడవునా అమెరికా మూలవాసులైన హోడెనొషోనీల నేలే. పాఠ్యపుస్తకాలు వీళ్లనే ఇరోక్వా అంటాయి. మొహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా జాతులు పోరు మాని ఒక్కటయ్యాయి. 1722లో టస్కరోరాలు కూడా చేరారు. నయాగరాలో గడిపే సమయం కాస్త తగ్గించుకునైనా వీళ్ల చోట్లు చూడమని నా సలహా.

మొదట సిరక్యూస్ పక్కన లివర్‌పూల్‌లో, ఒనొండాగా సరస్సు ఒడ్డునున్న స్కానో సెంటర్ అనే మ్యూజియానికి వెళ్లాం. ఇంతకుముందు అక్కడ ఫ్రెంచి మిషనరీల కథ చెప్పేవారు. 2015 నుంచి ఒనొండాగాల వైపు నుంచి చెబుతున్నారు. శాంతిదూత అని పిలిచే మహాపురుషుడు, ఆయనకు తోడుగా నిలిచిన హయవాత కలిసి ఐదు జాతులనూ ఒప్పించి ఆయుధాలు పక్కన పెట్టించింది ఈ ఒడ్డునే అని వాళ్ల నమ్మకం. అలాంటి సరస్సులోకి ఫ్యాక్టరీలు ఏళ్ల తరబడి పాదరసం వదిలాయని తెలిశాక మనసు చివుక్కుమంది. లోపల ఎక్కువగా చదువుకునేవే ఉన్నాయి. పెద్దలకు బాగుంటుంది, చిన్నపిల్లలు మాత్రం తొందరగా విసిగిపోతారు.

పిల్లలుంటే రోచెస్టర్ దగ్గర విక్టర్‌లోని గానొండగన్‌కే వెళ్లండి. రెండింట్లో ఒక్కటే చూసే వీలున్నా నా ఓటు దీనికే. పదిహేడో శతాబ్దంలో ఇది పెద్ద సెనెకా ఊరు. బీవర్ తోళ్ల వ్యాపారం కోసం 1687లో న్యూ ఫ్రాన్స్ (ఇప్పటి కెనడాలో ఫ్రెంచివాళ్ల వలస) గవర్నర్ డెనొన్విల్ దండెత్తి వచ్చి, చేలల్లో పంటనూ నిల్వ ధాన్యాన్నీ నాశనం చేశాడు. ఇప్పుడక్కడ 2015లో తెరిచిన కళా సాంస్కృతిక కేంద్రంతో పాటు, అప్పటి కొలతలతో కట్టిన 65 అడుగుల లాంగ్‌హౌస్, అంటే కొన్ని కుటుంబాలు కలిసి ఉండే పొడవాటి ఇల్లు ఉంది. మధ్యలో వరసగా పొయ్యిలు, పైన పొగ పోయే కంతలు, రెండు పక్కలా అరుగుల్లాంటి పడకలు. వాటి మీద తోళ్లు పరిచారు. మన పల్లెల్లో చూరుకు వరికుచ్చులు వేలాడదీసినట్టు, మొక్కజొన్న పొత్తులను జడలల్లి పైనుంచి వేలాడదీశారు. మా అత్తయ్య ఆ జడల కింద చాలాసేపు నిలబడి, పొట్టు ఎలా తీస్తారని అడిగారు. గట్టి చెక్క కాల్చిన బూడిద నీళ్లలో గింజలు ఉడికించి, పొట్టు ఊడాక బుట్టలో వేసి కడుగుతారట. ఆ తెల్ల మొక్కజొన్న పిండి అక్కడే అమ్ముతున్నారు. మేం కొన్నాం.

ఈ ఇంటికి యజమానురాలు స్త్రీ. పెళ్లయ్యాక మగవాడే అత్తవారింటికి వస్తాడు, పిల్లలు తల్లి వంశానికి చెందుతారు. తెగ పెద్దను ఎన్నుకునేదీ, దారి తప్పితే తీసేసేదీ వంశమాతే. అమెరికాలో స్త్రీలకు ఓటు కోసం పోరాడిన మటిల్డా జోస్లిన్ గేజ్ వీళ్లను చూసే ఎంతో నేర్చుకుంది.

లాంగ్‌హౌస్ చలికాలంలో మూసి ఉంటుంది, వేళలు చూసుకుని వెళ్లండి. ఓపిక ఉంటే ధాన్యపు కోట ఉండిన ఫోర్ట్ హిల్ కూడా ఎక్కండి. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, అందుకని ఆయన కిందే ఉండిపోయారు.

విక్టర్‌లో హోటళ్లకు కొదవ లేదు. మేం దిగిన చోట గది శుభ్రంగానే ఉంది కానీ, టిఫిన్ ఉంటుందని చెప్పి పొద్దున్నే లేదన్నారు. శాకాహారులైతే వెంట ఏదైనా ఉంచుకోండి.

వెళ్లేముందు దగ్గర్లోని కానన్‌డైగ్వా కోర్టు ముందున్న బండరాయి చూడండి. 1794 నవంబరు 11న అమెరికా ప్రభుత్వం ఆరు జాతులతో చేసుకున్న ఒప్పందానికి గుర్తు అది. దాని ప్రకారం ఇవ్వాల్సిన బట్టను ప్రభుత్వం ఇప్పటికీ ఏటా పంపుతోంది. ఏటా అదే తేదీన జాతుల ప్రతినిధులు అక్కడికొచ్చి ఒప్పందాన్ని గుర్తు చేస్తారు, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. చలికి తట్టుకోగలిగితే మీ ప్రయాణం ఆ రోజుకే పెట్టుకోండి.