రిస్పెరిడోనా, అరిపిప్రజోలా: ఆలుమగల నడుమ తేడా ఎక్కడ?

మా ఆయనకు బైపోలార్, అంటే మనసు ఒకసారి మితిమీరి ఉరకలేసి, ఇంకోసారి కుంగిపోయే జబ్బు. నెలకోసారి దేవరకొండల బస్సెక్కి నల్లగొండకు పోయి చూపించుకుంటం. మొదట రాసిన మందు రిస్పెరిడోన్. నిద్ర పట్టింది, పొద్దుమాపు ఆగని మాటలు తగ్గినయి. కానీ ఆర్నెల్లు మా మధ్య ఏమీ లేదు. గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. నా మీద మనసు విరిగిందేమో అని లోపల్లోపల కుమిలిపోయిన. డాక్టర్ ముందు నోరు రాలేదు. చీటీ వెనక రాసి ఇచ్చిన.

రక్తపరీక్షల తేలింది, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగిందని. రిస్పెరిడోన్ మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటది. దాంతో ఈ హార్మోన్ ఎక్కువై కోరిక తగ్గొచ్చు, అంగం గట్టిపడకపోవచ్చు, కొందరు మగవాళ్లకు రొమ్ములు పెరుగుతయి. ఆడవాళ్లకు నెలసరి తప్పొచ్చు, కాన్పు కాకున్నా పాలు రావొచ్చు.

అరిపిప్రజోల్ డోపమైన్ పనిని పూర్తిగా ఆపదు, అందుకే ప్రొలాక్టిన్ సాధారణంగా పెరగదు. డాక్టర్ మెల్లమెల్లగా గోలీ మార్చినంక ఓ రాత్రి ఆయనే నా చెయ్యి పట్టుకున్నడు. అయితే దీనికీ ఓ బాధ ఉంది: కాళ్లు ఊరికే ఉండవు. కొన్నాళ్లు నడిరాత్రి వాకిట్ల అటూఇటూ తిరిగేటోడు. అరుదుగా కామం, జూదం అదుపు తప్పొచ్చని 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా.

కాపురం సంగతి చూస్తే నాకు రెండోదే నయమనిపించింది. కానీ ఉద్రేకం ముదిరిన రోజులల్ల మా ఇల్లు నిలబెట్టింది మొదటిదే. దయచేసి సొంతంగా ఏదీ ఆపకండి, జబ్బు తిరగబెడ్తది. ఎదురుగా అడగడానికి సిగ్గనిపిస్తే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.