ఎనిమిదేళ్లుగా ఐస్‌వైన్: జామూన్‌తో మాత్రం వద్దు

టొరంటో వచ్చిన మొదటి చలికాలం, ఆఫీసులో ఒకాయన విడాల్ అనే తెల్లద్రాక్షతో చేసిన ఐస్‌వైన్ ఇచ్చాడు, అంటే తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షను పిండి చేసే తియ్యటి వైన్. 375 మిల్లీలీటర్ల సన్నటి సీసా. ఇంట్లో గులాబ్ జామూన్ చేసిన రోజు దాన్ని తెరిచి గ్లాసు నిండా పోసుకున్నా. జామూన్ తిన్న నోటికి ఉత్త పులుపే తగిలింది. దీనికా ఇంత పేరు అనిపించింది.

జనవరిలో నయాగరా దగ్గర ఒక తోట చూశాక గానీ సంగతి అర్థం కాలేదు. ఆకులు రాలిన తీగలకు, వలల కింద, ముడతలు పడ్డ గుత్తులు వేలాడుతున్నాయి. వల పిట్టల కోసం. 1983లో ఇక్కడి ఇన్నిస్కిలిన్ అనే వైన్ కంపెనీ వాళ్లు ఐస్‌వైన్ కోసం ఉంచిన పంటంతా పిట్టలే తినేశాయట, 1984లో గానీ వాళ్లకు ఐస్‌వైన్ చేతికి రాలేదు. ఒక పండు నోట్లో వేసుకున్నా. గోలీలా పళ్లకు కొట్టుకుంది. కాసేపటికి తేనెలాంటి చుక్క జారింది, చివరికి చప్పటి మంచుముక్క మిగిలింది. కిటుకంతా అదే. ఒంటారియో రాష్ట్ర నిబంధన ప్రకారం మైనస్ 8 డిగ్రీలకో, అంతకన్నా కిందకో దిగాకే కోయాలి, గడ్డకట్టి ఉండగానే పిండాలి. నీళ్లు ఐసై ప్రెస్‌లో ఉండిపోతాయి, చిక్కటి రసం దిగుతుంది. తీపితో పాటు పులుపూ చిక్కబడుతుంది. అంత చక్కెరలో, దాన్ని ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ ఆపసోపాలు పడి మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే తీపి అంత మిగులుతుంది.

ఇప్పుడు బాగా చల్లబరిచి, చిన్న గ్లాసులో మూడు నాలుగు గుక్కలే పోస్తాను. మొదట మామిడి తాండ్ర, తేనె. మింగాక నాలుక అంచుల్లో నిమ్మతొక్క పులుపు. అది లేకపోతే ఒట్టి పాకమే. పక్కన ఉప్పగా ఏదైనా ఉండాలి. బ్లూ చీజ్ బాగుంటుందంటారు, నిజమే, కానీ మా ఆవిడ వేయించే మిరియాల జీడిపప్పు ముందు అది దిగదుడుపే.

ధర మాత్రం గుండె గుభేల్‌మనిపిస్తుంది. దాచుకుందామని ఒక విడాల్ సీసాను హీటర్ పక్క అల్మారాలో ఆరేళ్లు ఉంచా. తీసేసరికి టీ డికాక్షన్ రంగు, వాసనలో మాడిన బెల్లం. ఆ పండ్ల వాసన జాడే లేదు. దాచాలనుకుంటే రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసింది కొనండి, దాని పులుపు గట్టిది, ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈమధ్య నేను తాగడానికీ అదే కొంటున్నా. మొదటిసారి రుచి చూసేవాళ్లకైతే 200 మిల్లీలీటర్ల సీసా చాలు, నలుగురికి వస్తుంది.