మూసిన ఊరు, తెరిచిన ఊరు

విక్టోరియా కాలపు ఇంగ్లండ్ పల్లెల్లో కూలివాడికి ఏది మేలు? ‘మూసిన ఊళ్లో’ భూమంతా దాదాపు ఒకే జమీందారుది. తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీ (జిల్లా లాంటిది)లో ఉన్న హోల్కమ్ అలాంటిదే. ఇలాంటి చోట ఇళ్లు చక్కగా ఉండేవి, కానీ తక్కువ. పేదల సహాయంపై 1834లో వచ్చిన చట్టం తర్వాత కూడా తన పేదల ఖర్చు ఏ పారిష్‌కు (చర్చి పరిధిని బట్టి ఏర్పడిన స్థానిక విభాగం) ఆ పారిషే భరించాలి. కూలి కుటుంబం స్థిరపడి, తర్వాత పేదరికంలో పడితే తాము కట్టే పన్ను పెరుగుతుందని చాలామంది జమీందార్లు కొత్త ఇళ్లు కట్టనివ్వలేదు, కొందరు ఉన్నవీ కూల్చారు.

అలా చోటు దొరకనివారు చేరేది ‘తెరిచిన ఊరు’. అదే కౌంటీలోని కాసిల్ ఏకర్ ఇందుకు పేరుపడింది. ఇలాంటి ఊళ్లలో చిన్న యజమానులు ఎందరో. గదులు ఇరుకు, అద్దె ఎక్కువ. ఆడవాళ్లు, పిల్లలు ముఠాలుగా మైళ్లు నడిచి దూరపు పొలాల్లో కలుపు తీసేవారు. ఎనిమిదేళ్లు నిండని పిల్లలను ఆ ముఠాల్లో పెట్టకూడదని చట్టం వచ్చింది 1867లోనే! ఇది తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అయినా నా మొగ్గు తెరిచిన ఊరికే. అధికారిక చర్చికి వెళ్లాలా, దాన్నుంచి విడివడిన మెథడిస్టు క్రైస్తవ శాఖ ప్రార్థనా మందిరానికా అన్నది అక్కడ కూలివాడు తానే తేల్చుకోగలిగేవాడు. మూసిన ఊళ్లో జమీందారుకు కోపమొస్తే ఇల్లే పోయేది.

1865 చట్టంతో పేదల ఖర్చు పారిష్‌ల సమాఖ్య మొత్తానికీ పంచారు. ఇళ్లు కూల్చడానికి ఉన్న ప్రధాన కారణం అలా తొలగింది.