గ్రీన్‌స్టోనా, మినాంగా? మొదటిసారి పోయేవాళ్లకు ఏది మేలు?

వచ్చే ఆగస్టులో మా చిన్నాన్న కొడుకు అమెరికాలోని ఐల్ రాయల్ దీవికి నడకకు పోతున్నాడు. మొన్న ఆత్మకూరులో ఇంటి అరుగు మీద మ్యాప్ పరిచి, "అన్నా, ఆ దీవిలో రెండు నడకదారులు, గ్రీన్‌స్టోన్ రిడ్జ్ 65 కిలోమీటర్లు, మినాంగ్ రిడ్జ్ 50, చిన్నదే పోతా" అన్నాడు. వద్దురా అన్నాను. నేను రెండూ నడిచాను, అక్కడ కిలోమీటర్లు చూసి దారి ఎంచుకోకూడదు.

సుపీరియర్ సరస్సులో 72 కిలోమీటర్ల పొడవున్న దీవి అది. రోడ్లు లేవు, ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. గ్రీన్‌స్టోన్ దాని నడి వెన్ను మీదుగా పోతుంది. అక్కడి కొండల్లో పెద్దదైన డెసార్ ఎత్తు 425 మీటర్లే, మన ఉదయగిరి దుర్గం ఎక్కినవాడికి అదో లెక్క కాదు. దారి స్పష్టంగా ఉంటుంది, పది పదమూడు కిలోమీటర్లకల్లా ఏదో ఒక క్యాంపు తగులుతుంది.

మినాంగ్ అట్లా కాదు. దీవి పడమటి కొసన పడవలు ఆగే విండిగో నుంచి బయల్దేరితే మొదటి క్యాంపు నార్త్ లేక్ డెసార్, 20 కిలోమీటర్లు, అదీ బ్యాగులో తిండి నిండుగా ఉండి బరువు ఎక్కువున్న రోజునే. గుట్ట ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. బోడి బండల మీద అడుగుజాడ కనపడదు, రాళ్లు పేర్చిన చిన్న కుప్పలే ఆనవాలు, ఒక కుప్ప తప్పిపోతే వెనక్కి వచ్చి వెతుక్కోవాల్సిందే. లోయల్లో బీవర్లు (నీళ్లలో తిరిగే, చెట్లు కొరికే జంతువులు) కొమ్మలూ బురదా కలిపి కట్టిన కట్టల మీదుగా దాటాలి. కాలు పెట్టగానే కొమ్మ మెల్లగా కుంగి బూటులోకి చల్లటి నీళ్లు దిగుతాయి, తర్వాతి కొమ్మ ఆగుతుందో లేదో కర్రతో పొడిచి చూసుకుని గానీ అడుగు వేయలేం. వాన పడిందా, బండలు నాచు పట్టిన కోనేటి మెట్లే.

అయినా నా మనసు మినాంగ్ మీదే. మనుషులు తక్కువ, బండ మీద నిలబడితే నీళ్లకు అవతల కెనడా ఒడ్డు కనిపిస్తుంది. కానీ మడమ మెలిక పడితే సాయం అందడం చాలా ఆలస్యం, కొత్తవాడికి ఆ టెన్షన్ ఎందుకు?

నీళ్ల విషయంలో మాత్రం రెండూ ఒకటే. తోడేళ్ల ద్వారా వచ్చే టేప్‌వార్మ్ (బద్దెపురుగు) గుడ్లు నీళ్లలో ఉండొచ్చు, క్లోరిన్ బిళ్లలకు అవి చావవు, ఫిల్టర్ పట్టాలి లేదా మరగబెట్టాలి.

వాడికి గ్రీన్‌స్టోనే ఖాయం చేశాను. ఈ నెలాఖరులో 15 కిలోల బియ్యం బ్యాగులో వేసుకుని తెల్లవారుజామునే ఉదయగిరి ఎక్కి దిగమన్నా, మోకాళ్లు ఎలా ఉన్నాయో సాయంత్రం ఫోన్ చేసి చెప్తానన్నాడు.